జాంబీల ఊళ్ళో ఒంటరిగా

పిల్లలూ! నాగారంలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా నుంచి కీసరగుట్టకు పోయే దారిలో వచ్చే ఊరే ఈ నాగారం. ఒకప్పుడది చేలూ, చెరువులూ ఉన్న పల్లె. హైదరాబాదు పెరిగి పెరిగి ఇప్పుడు దానిని తనలో కలుపుకొన్నది. ఆ ఇంట్లో అమ్మ, నాన్న, డిగ్రీ చదివే అన్న, ఏడవ తరగతి చదివే చెల్లెలు ఉన్నారు.

రాత్రి ఎనిమిదిన్నర అయింది. అమ్మ కంచాలు పెట్టి, "అన్నం చల్లారిపోతున్నది, రా బిడ్డా!" అని కేకవేసింది. లోపలి గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కంప్యూటరు ముందు కూర్చున్న అన్న తల కూడా తిప్పకుండా, "ఇప్పుడు లేస్తే సచ్చిపోతనమ్మా! ఒక్క ఐదు నిమిషాలు!" అన్నాడు.

ఆ మాట వినేసరికి అమ్మకు గుండె ఝల్లుమన్నది. సంగతి తెలిశాక కోపం వచ్చింది. చెల్లెలికి మాత్రం ఆశ్చర్యం వేసింది. అన్నం తినటానికి లేస్తే చచ్చిపోవటమేమిటి? తినకపోతే గదా చచ్చిపోయేది!

ఆ చెల్లెలు వేసుకొన్న ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి సమాధానం తెలిసికోవాలంటే ముందు ఆ ఆట సంగతి తెలిసికోవాలి.

అన్న ఆడుతున్న ఆట పేరు "డేజీ". అది జాంబీల ఆట. ఆ ఆటలో లోకమంతా ఒక మహమ్మారి వచ్చి, మనుషులలో చాలామంది జాంబీలైపోయారు. మిగిలిన కొద్దిమందిలో మీరు ఒకరు. గెలుపు అంటూ ఏమీ లేదు. రాజకుమారిని విడిపించటం, నిధిని తవ్వి తీయటం వంటివేమీ లేవు. ఈ రోజు బ్రతికి ఉండాలి, రేపు మళ్ళీ బ్రతికి ఉండాలి, అంతే! ఒక్కసారి చనిపోతే అంతవరకు కూడబెట్టిన తిండీ, బట్టలూ, పనిముట్లూ అన్నీ పోతాయి. మళ్ళీ సముద్రపు ఒడ్డున దాదాపు ఉత్త చేతులతో మొదలు పెట్టాలి.

మామూలు ఆటను ఎక్కడంటే అక్కడ ఆపి, అన్నం తిని వచ్చి మళ్ళీ ఆడుకోవచ్చు. ఈ ఆట అలా కాదు. ఆ ఊళ్ళు, అడవులు, జాంబీలు అన్న కంప్యూటరులో మాత్రమే లేవు. ఎక్కడో దూరాన ఉన్న "సర్వర్" అనే పెద్ద కంప్యూటరు వాటిని నడుపుతూ ఉంటుంది. దేశదేశాల నుంచి ఎందరో ఒకేసారి ఆ లోకంలో తిరుగుతూ ఉంటారు. ఒకరికి ఆకలి వేసిందని ఆ లోకం ఆగదు. కబడ్డీ ఆటలో కూతకు వెళ్ళినవాడు మధ్యలో "కాస్త ఆగండి, మంచినీళ్ళు తాగి వస్తాను" అంటే అవతలివాళ్ళు ఊరుకుంటారా? ఇదీ అంతే. ఐతే తెలిసిన ఆటగాడు ముందుగానే ఒక పొదలోనో, పాడుపడ్డ ఇంట్లోనో దాక్కొని, ఆట లోంచి బయటికి వచ్చేస్తాడు. దానికి కొద్ది సెకండ్లు చాలు. కాబట్టి ఎనిమిదిన్నరకు అన్నం అని తెలిసినవాడు ఎనిమిదీ ఇరవైకే దాక్కోవాలి. అన్న చేసిన పొరపాటు ఇదే. ముందుచూపు నేర్పే ఆట ఆడుతూ ముందుచూపు మరచిపోయాడు!

ఇంతకూ ఈ జాంబీ ఎవరు? ఈ మాట హైతీ అనే ద్వీపదేశపు కథలలోంచి వచ్చింది. అక్కడికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం చెప్పుకొన్న కథలలో, మంత్రగాడు శవాన్ని లేపి తన పొలంలో చాకిరీ చేయించుకొంటాడు. చచ్చినా విశ్రాంతి లేని బానిసే జాంబీ అన్నమాట. ఆ తరువాత 1968 లో జార్జి రొమెరో అనే అమెరికా దర్శకుడు తీసిన సినిమాతో జాంబీ అంటే మనుషులను పీక్కుతినే శవం అయిపోయింది. తెలుగులో కూడా 2021 లో ప్రశాంత్ వర్మ "జాంబీ రెడ్డి" అనే సినిమా తీశాడు. ఆ కథలో జాంబీలు కర్నూలు సీమకు వచ్చాయి.

శవం లేచి రావటం మనకు కొత్త కాదు. చెట్టు మీద శవంలో చేరిన బేతాళుడి సంగతి మీకు తెలియనిది కాదు. ఐతే బేతాళుడికి బుద్ధి ఉన్నది. కథ చెబుతాడు, చిక్కు ప్రశ్న వేస్తాడు, సరిగా జవాబు చెబితే మెచ్చుకొంటాడు. జాంబీకి బుద్ధి లేదు. దానితో మాట్లాడి లాభం లేదు. దానికి తెలిసినవి రెండే: కనిపించటం, వినిపించటం. అందుకే ఆ ఆటలో వంగి మెల్లగా నడిచేవాడు చాలాకాలం బ్రతుకుతాడు. పరుగెత్తేవాడు త్వరగా పోతాడు.

"నిజంగా జాంబీలు ఉన్నాయా?" అని మీరు అడగవచ్చు. మనుషులలో లేవు. చచ్చిన మనిషి లేచి నడవటం జరగదు. ఐతే చీమలలో మాత్రం దాదాపు అటువంటి వింత ఒకటి ఉన్నది. ఉష్ణదేశాల అడవులలో ఒక రకం బూజు చీమ ఒంట్లో ప్రవేశించి పెరుగుతుంది. కొన్నాళ్ళకు ఆ చీమ తన గూటిని విడిచి, ఒక మొక్క ఎక్కి, ఆకు ఈనెను గట్టిగా కరచి పట్టుకొని అలాగే చనిపోతుంది. తరువాత దాని తలలోంచి బూజు కాడ మొలిచి, విత్తనాల వంటి పొడిని కిందికి రాలుస్తుంది. చీమ ఎక్కింది తన ఇష్టంతో కాదు, బూజు అవసరం కోసం! ఈ బూజు మనుషులకు పట్టదు. కాబట్టి భయపడవలసిన పని లేదు.

ఇక ఆట కథకు వద్దాం. డేజీని మొదట తయారు చేసినవాడు డీన్ హాల్. ఆయనది న్యూజీలాండ్. అక్కడి సైన్యంలో పనిచేశాడు. బ్రూనై దేశపు అడవులలో, ఉన్నదానితోనే ఎలా బ్రతకాలో నేర్పే శిక్షణకు వెళ్ళి, చాలినంత తిండి దొరక్క బాగా చిక్కిపోయి, దెబ్బతిన్నాడు. చివరకు శస్త్రచికిత్స కూడా అవసరమైంది. అప్పుడాయనకు తోచిన సంగతి ఏమంటే, సైనికుల ఆటలన్నిటిలోనూ తుపాకులే ఉన్నాయి గాని ఆకలి లేదు! అందుకని 2012 లో, అంతకుముందే ఉన్న ఒక యుద్ధపు ఆటను మార్చి ఆకలిదప్పులున్న ఆట చేశాడు. కొద్ది నెలలలోనే పదిలక్షల మంది దానిని ఆడారు. తరువాత చెక్ దేశంలోని బొహీమియా ఇంటరాక్టివ్ అనే సంస్థ దానిని విడి ఆటగా పెంచి, 2018 డిసెంబరులో పూర్తి రూపంలో విడుదల చేసింది. ఈ డీన్ హాల్ 2013 లో ఎవరెస్టు శిఖరం కూడా ఎక్కాడు!

ఇప్పుడు మీరు అన్న వెనుక నిలబడి చూస్తున్నట్టు ఊహించుకోండి. అన్న ఆటమనిషి సముద్రపు ఒడ్డున కళ్ళు తెరిచాడు. దగ్గర ఉన్నవి ఒక పండు, ఒక కట్టుగుడ్డ, అటువంటివే మరొకటి రెండు. ఎవరూ తోడు లేరు. మొదట ఏం చేయాలి? కొత్తవాడు తుపాకి వెతుకుతాడు. అనుభవం ఉన్నవాడు నీళ్ళు వెతుకుతాడు.

ఇది సైన్సుకు సరిపోయిన మాటే. తిండి లేకుండా మనిషి కొన్ని వారాలు బ్రతకగలడు. నీళ్ళు లేకుండా మూడు నాలుగు రోజులు దాటటం కష్టం. దాహం వేసిందని అన్న ఆటమనిషి కుంటలో దోసిలి పట్టి తాగాడనుకోండి, కలరా పట్టుకొంటుంది! ఊళ్ళోని చేతిపంపు నీళ్ళు ఐతే భయం లేదు. పంపు దొరక్కపోతే నీళ్ళు కాచి తాగాలి. నిజజీవితంలో కూడా నీళ్ళు కళపెళ ఉడికేటట్టు ఒక నిమిషం కాస్తే కలరా క్రిములు చచ్చిపోతాయి.

నీళ్ళు కాచాలంటే నిప్పు కావాలి. అగ్గిపెట్టె లేదు. అప్పుడు అన్న చెట్టు బెరడు ఒలిచి, దానిమీద పుల్లను రెండు చేతులతో తిప్పి తిప్పి నిప్పు పుట్టించాడు. ఇది మన పూర్వులకు బాగా తెలిసిన విద్యే. యజ్ఞాలలో అరణిని మథించి అగ్నిని పుట్టించేది ఇలాగే. కర్రను కర్రతో రాస్తే వేడి పుడుతుంది. ఆ వేడి చాలినంత పెరిగితే పొడి నలుసు రాజుకొంటుంది.

వాన వచ్చి ఆటమనిషి బట్టలు తడిశాయి. అన్న వెంటనే వాటిని విప్పించి పిండించాడు. ఎందుకంటే తడిబట్టలతో చలిలో తిరిగితే ఒంటి వేడి పోయి ఆటమనిషి నీరసించిపోతాడు. గాలి కంటె నీరు సుమారు ఇరవై ఐదు రెట్లు త్వరగా వేడిని లాగివేస్తుంది. వానలో తడిసి వచ్చినప్పుడు అమ్మ "ముందు బట్టలు మార్చుకో" అని ఎందుకు తొందర పెడుతుందో చూశారా?

గులకరాళ్ళను కొట్టి చాకు చేశాడు. పాత చొక్కా చించి కట్టుగుడ్డలు చేశాడు. కట్టుగుడ్డ శుభ్రంగా లేకపోతే గాయం చీము పడుతుంది కాబట్టి దానిని శుభ్రం చేసి దాచుకొన్నాడు. ఇంతవరకు ఒక్క జాంబీతో కూడా పోట్లాడలేదు! చూస్తున్న చెల్లెలు, "ఇది జాంబీల ఆట అన్నావు గదా! ఇంటిపని లాగా ఉన్నదే!" అని నవ్వింది. ఆమె మాట నిజమే. ఒంటరిగా ఆడేవాడికి అసలు శత్రువు జాంబీ కాదు. దాహం, ఆకలి, చలి, గాయం, అలసట, ఇవే అసలు శత్రువులు. ఆ ఆటలో జాంబీ చేతిలో కంటె తొందరపాటు చేతిలో పోయేవాళ్ళు ఎక్కువ.

అన్నట్టు, ఒంటరి అన్నాం గదా, ఆ ఆటలో వేరే మనుషులు కూడా ఉన్నారని ముందే చెప్పుకొన్నాం. మరి ఒంటరితనం ఎలా? ఒక చిన్న లెక్క చేద్దాం. ఆ ఆటలోని దేశం పేరు చెర్నారస్. దాని విస్తీర్ణం 225 చదరపు కిలోమీటర్లు. ఒక సర్వరులో సాధారణంగా 60 మంది వరకు ఉంటారు. 225 ను 60 తో భాగించండి: ఒక్కొక్కరికి 3.75 చదరపు కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు మన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాను చూడండి. దాని విస్తీర్ణం సుమారు 1,084 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 24 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఆ లెక్కన చెర్నారస్ అంత చోటులో మన జిల్లాలో దాదాపు 5 లక్షల మంది ఉంటారు. అక్కడ అరవై మంది! గంటసేపు నడిచినా ఒక మనిషి కనిపించకపోవటంలో వింత లేదు.

కనిపించినా ధైర్యం లేదు. ఎదుటివాడు గాయానికి కట్టు కడతాడో, ఉన్నది లాక్కొంటాడో తెలియదు. మంచివాడికీ అదే భయం. ఇద్దరు మంచివాళ్ళు ఎదురుపడి, ఒకరిని చూసి ఒకరు జడిసి దెబ్బలాడుకోవటం ఆ ఆటలో తరచు జరిగే సంగతి. అందుకని చాలామంది ఒంటరిగానే తిరుగుతారు. రోడ్డు మీద నడవరు, అడవి అంచు వెంట పోతారు. ఊళ్ళోకి వెళ్ళే ముందు దూరంగా కూర్చొని చాలాసేపు చూస్తారు. తలుపు తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా? తెరిచి ఉంటే ఎవరో వచ్చి వెళ్ళారన్నమాట. ఇలా చిన్న చిన్న గుర్తులు చూసి సంగతి ఊహించటం అలవడుతుంది.

ఇదంతా విని చెల్లెలు మరొక ప్రశ్న వేసింది: "సరే అన్నా, ఒక్కడివే ఉంటే నువ్వు నిద్రపోయినప్పుడు కాపలా ఎవరు?"

అన్న జవాబు చెప్పలేకపోయాడు. ఎందుకంటే ఆ ఆటమనిషికి నిద్ర లేదు. నిజం మనిషికి నిద్ర కావాలి. నిజంగా ఒంటరిగా బ్రతికిన ఒక మనిషి కథ చెబితే ఈ సంగతి మీకు తెలుస్తుంది.

అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే స్కాట్లండు నావికుడు 1704 లో ఓడ కెప్టెనుతో తగవుపడి, దక్షిణ అమెరికాలోని చిలీ తీరానికి దూరాన ఉన్న ఒక నిర్జన ద్వీపంలో దిగిపోయాడు. నాలుగేళ్ళ నాలుగు నెలలు ఒక్కడే ఉన్నాడు. మేకలను పరుగెత్తి పట్టుకొని తినేవాడు. వాటి తోళ్ళతోనే బట్టలు కుట్టుకొన్నాడు. పగలు బాగానే ఉండేది. రాత్రి నిద్రపోతే ఎలుకలు వచ్చి కాళ్ళు కొరికేవి! చివరకు ఆ ద్వీపంలో తిరిగే పిల్లులకు మేకమాంసం పెట్టి మచ్చిక చేసికొన్నాడు. అవి చుట్టూ పడుకొంటే ఎలుకలు రావటం మానివేశాయి. అప్పుడు గాని ఆయనకు కంటినిండా నిద్ర పట్టలేదు. 1709 లో ఒక ఓడవారు ఆయనను రక్షించినప్పుడు మాట్లాడటం దాదాపు మరచిపోయి ఉన్నాడట. డానియల్ డిఫో 1719 లో రాబిన్సన్ క్రూసో కథ రాయటానికి ఈయన కథ కూడా ఒక ఆధారం అంటారు. చూశారా, ఒంటరివాడని లోకమంతా చెప్పుకొనే మనిషికి కూడా పిల్లుల తోడు కావలసి వచ్చింది!

ఇటువంటిదే ఇంకొక ఆట ఉన్నది. దాని పేరు "ప్రాజెక్ట్ జాంబాయిడ్". దీనిని ఇంగ్లండులో కొద్దిమంది మిత్రులు 2011 ప్రాంతంలో మొదలు పెట్టారు. నలుగురితో కలిసి కూడా ఆడవచ్చు గాని చాలామంది ఒంటరిగానే ఆడతారు. ఇందులో మొదట కొన్నాళ్ళు ఇళ్ళలో నల్లా తిప్పితే నీళ్ళు వస్తాయి, మీట నొక్కితే దీపం వెలుగుతుంది. ఆ తరువాత, సాధారణంగా ఒక నెల లోపల, ఏదో ఒకనాడు నల్లా ఆగిపోతుంది. కరెంటు పోతుంది. ఫ్రిజ్జులో పెట్టిన తిండి కుళ్ళిపోతుంది. ఏ రోజు ఆగేదీ ముందు చెప్పరు. తెలివైన ఆటగాడు మొదటి రోజే దొరికిన గిన్నెలూ, సీసాలూ, స్నానపు తొట్టీ అన్నీ నింపి పెట్టుకొంటాడు. వాన నీరు పట్టటానికి పీపాలు చేస్తాడు.

ఈ ఆట తయారు చేసిన వారి సంగతి ఒకటి వినండి. 2011 అక్టోబరులో వారి ఇంట్లో దొంగలు పడి రెండు కంప్యూటర్లు ఎత్తుకుపోయారు. ఎన్నో నెలలు కష్టపడి రాసిన ఆట భాగాలు వాటిలోనే ఉన్నాయి. వేరే చోట నకలు దాచుకోలేదు! ఆపదకు ముందే సిద్ధంగా ఉండాలని లోకానికి నేర్పేవారే సిద్ధంగా లేకపోయారు. పాపం, చాలా భాగం మళ్ళీ రాసుకొన్నారు. ఐనా పని మానలేదు.

ఆ ఆటలో నల్లా ఎందుకు ఆగిపోయింది? జాంబీలు గొట్టాలు పగలగొట్టాయా? కాదు. నీళ్ళను తోడే యంత్రం దగ్గర మనిషి లేడు, అంతే. ఈ ఒక్క మాటను పట్టుకొని ఇప్పుడు నాగారంలోని మన ఇంటికి రండి. చెల్లెలు వంటింట్లో నల్లా తిప్పితే నీళ్ళు వచ్చినవి. ఎక్కడివి ఆ నీళ్ళు? హైదరాబాదు నగరానికి మంచినీరు ఎక్కువగా కృష్ణా గోదావరుల నుంచి వస్తున్నది. నూరు కిలోమీటర్లకు మించిన దూరం గొట్టాలలో, యంత్రాలు ఎత్తిపోస్తుంటే ఎక్కి వస్తున్నది. ఆ యంత్రాల దగ్గర ఈ అర్ధరాత్రి కూడా ఎవరో మేలుకొని ఉన్నారు. కరెంటు సంగతీ ఇంతే. తెల్లవారి వచ్చే పాల సంగతీ ఇంతే.

ఇంకొకటి చెబుతాను. ఆటలో గాయం తగిలితే మీ కట్టు మీరే కట్టుకోవాలి. ఇక్కడ ఆపద వస్తే 108 కు ఫోను చేస్తారు, అంబులెన్సు వస్తుంది. ఈ 108 సేవ 2005 లో మొదలైంది హైదరాబాదులోనే. దానిని నడిపే ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ ఉన్నది మేడ్చల్ దారిలో, దేవరయాంజాల్ దగ్గర.  ఫోను మోగగానే ఎత్తటానికి ఒకరు ఎప్పుడూ కూర్చొని ఉంటారు. చెర్నారస్ లో లేనిది, మనకు ఉన్నది ఇదే.

ఐతే ఆటలో నేర్చుకొన్నది నిజంగా పనికివస్తుందా? వస్తుంది. 2011 మే నెలలో అమెరికా ప్రభుత్వపు రోగనివారణ సంస్థ ఒక తమాషా చేసింది. "జాంబీలు వస్తే ఏం చేయాలి?" అని ఒక ప్రకటన వెలువరించింది. నీళ్ళు, తిండి, మందులు, దీపం సిద్ధంగా పెట్టుకోండి, ఇంటివారంతా ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి అని అందులో ఉన్నది. తుఫాను వచ్చినా, భూకంపం వచ్చినా చేయవలసింది అదే గదా! తుఫాను గురించి చెబితే ఎవరూ చదవరు, జాంబీ అంటే అందరూ చదువుతారని వారి ఉపాయం. చదవటానికి ఎగబడినవారి తాకిడికి ఆ సంస్థ కంప్యూటర్లే తట్టుకోలేకపోయాయి!

మనకు జాంబీలు అక్కరలేదు. 2020 అక్టోబరు 13 న, కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం వల్ల హైదరాబాదులో కుంభవృష్టి కురిసింది. నాగారానికి దగ్గరలోనే ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి వాన పడింది. ఏడాది అంతా కలిపి సుమారు 80 సెంటీమీటర్లు కురిసే చోట ఒక్క రోజులో ఇంత! ప్రతి చదరపు మీటరు నేల మీదా 300 లీటర్ల నీరు పోసినట్టు లెక్క. ఎన్నో కాలనీలు మునిగినవి, కరెంటు పోయింది, దారులు తెగినవి. ఆ రాత్రి పొరుగువారి మేడ మీద తలదాచుకొన్నవారు ఎందరో! ఆటలో ఐతే ఎదుటివాడిని చూసి దాక్కోవాలి. ఇక్కడ ఎదుటివాడి తలుపు తట్టాలి. తేడా అంతా ఇందులోనే ఉన్నది.

అన్న ఆడే ఆటలో రక్తపాతం ఉన్నది. ఐరోపా ఖండంలో దానికి 18 ఏళ్ళు నిండినవారి ఆట అని గుర్తు వేశారు. కనుక మీరు ఆడవద్దు. తల్లిదండ్రులు కూడా ఈ గుర్తు చూసి గాని పిల్లలకు ఆట ఇవ్వకూడదు. దానికి బదులు మీకొక ఆట చెబుతాను. ఒక కాగితం, పెన్సిలు, ఒక పాచిక ఉంటే చాలు.

కాగితం మీద మీ వీధి పటం గీయండి. చేతిపంపు, బావి, మందుల దుకాణం, ఎత్తైన మేడ, ఒంటరిగా ఉండే ముసలివారి ఇల్లు, అన్నీ గుర్తించండి. మీ ఇంట్లో ఈ క్షణాన ఎన్ని లీటర్ల మంచినీళ్ళు, ఎన్ని రోజుల తిండి ఉన్నవో చూసి రాయండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు లెక్క వేసికోండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు అవుతుంది. ఇప్పుడు పాచిక వేయండి. ఒకసారి వేస్తే ఒక రోజు గడిచినట్టు. ఒకటి పడితే నల్లా ఆగింది. రెండు పడితే కరెంటు పోయింది. మూడు పడితే వీధిలో మోకాటిలోతు నీరు. నాలుగు పడితే ఇంట్లో ఒకరికి జ్వరం. ఐదు పడితే ఫోను మూగబోయింది. ఆరు పడితే పొరుగువారు సాయం అడిగారు. మీ దగ్గర ఉన్నవాటితో ఎన్ని రోజులు గట్టెక్కుతారో చూడండి. మొదటిసారి ఎవరి తలుపూ తట్టకుండా ఆడండి. రెండవసారి వీధివారందరినీ కలుపుకొని ఆడండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.

నాగారం ఇంటి చెల్లెలు ఈ ఆట ఆడింది. మొదటిసారి నాలుగవ రోజుకే ఆట ముగిసింది. రెండవసారి పదిరోజులు దాటినా ముగియలేదు. ఎందుకంటే రెండిళ్ళ అవతల బావి ఉన్నది! ఆ తరువాత నాన్నతో చెప్పి ఒక డబ్బాలో టార్చిలైటు, అటుకులు, పుట్నాలు, బెల్లం, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, అమ్మ మందులు, ఫోను నంబర్లు రాసిన కాగితం పెట్టించింది.

ఒకనాడు సాయంత్రం గాలివాన వచ్చి వీధంతా కరెంటు పోయింది. లోపలి గదిలోంచి, "అయ్యో, సచ్చిపోయిన!" అని అన్న కేక వినిపించింది. మూడు వారాలుగా బ్రతికించుకొంటూ వచ్చిన ఆటమనిషి చీకట్లో పోయాడు. చెల్లెలు తడుముకోకుండా డబ్బాలోంచి టార్చిలైటు తీసింది. "అన్నా, లే! పై ఇంటి అమ్మమ్మ ఒక్కతే ఉన్నది" అన్నది. ఆ అమ్మమ్మ కొడుకులు అమెరికాలో ఉన్నారు. నా పటంలో ఆ ఇంటికి ఎర్ర గుర్తు ఉన్నదని చెల్లెలు చెప్పేసరికి అన్న హెడ్‌ఫోన్లు తీసిపెట్టి లేచాడు.

మెట్లన్నీ చీకటి. పైన అమ్మమ్మ తలుపు దగ్గర కుర్చీలో కూర్చొని ఉన్నది. అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో కనిపించక అలాగే కూర్చున్నానని చెప్పింది. అన్న ఆమె చేయి పట్టుకొని, ఒక్కొక్క మెట్టూ చూపిస్తూ మెల్లగా కిందికి తీసికొని వచ్చాడు. అమ్మ మరొక కంచం పెట్టింది. ఆ రాత్రి టార్చి వెలుగులో ఐదుగురూ కూర్చొని అన్నం తిన్నారు. అన్నం ఇంకా వేడిగానే ఉన్నది.